ఫిజియోథెరపీలో మాట కూడా మందే

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చిరాగ్‌పల్లిలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు నకారా కేసు గుర్తుకొస్తుంది. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు, పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ, వైద్య బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే దిగిపోయినవాణ్ణి. బొంబాయి రోడ్డు మీద ఇదే చిరాగ్‌పల్లి చెక్‌పోస్టులో కొంతకాలం రాత్రి డ్యూటీల్లో లారీ నంబర్లు రిజిస్టరుకెక్కించాను. 2017లో జి.ఎస్.టి. రావటంతో మా శాఖ చెక్‌పోస్టులే ఎత్తేశారు. కాబట్టి నాకు తెలిసిన విద్య రిజిస్టరు రాయటం ఒక్కటే. ఆ రిజిస్టరు మా ఇంట్లో ఒక వైద్యానికి ఎలా పనికొచ్చిందో చెబుతాను. మా శ్రీమతి అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఆవిడ ముందు వరుసలోనే కూర్చుంది. తప్పు చెబితే అక్కడినుంచే దిద్దుతుంది.

2022 జనవరిలో, సంక్రాంతి తెల్లవారి, వాకిట్లో నీళ్లు చల్లుతూ ఆమె కూలబడిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పక్షవాతం. హైదరాబాదుకు తీసుకుపోయాం. పన్నెండు రోజుల తర్వాత ఇంటికొచ్చాం. నెల తిరిగేసరికి గోడ పట్టుకుని నడవటం వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు. పూర్తిగా చచ్చిన చెయ్యి కాదు. వేళ్లు కొద్దిగా విచ్చుకునేవి, మణికట్టు కొంచెం లేచేది. కానీ ఆమె ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, నిద్రపోతున్న పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకుంటూ కూర్చునేది.

చూడవచ్చిన చుట్టాలు తలా ఒక వైద్యం చెప్పారు. పావురం రక్తం రుద్దమన్నవారు ఒకరు, ఏదో ఊళ్లో నాటుమందు ఇస్తారన్నవారు ఇంకొకరు. ఆవిడ అన్నీ వినేది, ఏమీ అనేది కాదు. ఇక నా సంగతి. నేను సేవ మొదలుపెట్టాను. తల దువ్వటం, అన్నం కలిపి ముద్దలు పెట్టటం, నీళ్ల గ్లాసు నోటికందించటం, చెప్పులు తొడగటం, చివరికి ఈగ వాలితే తోలటం. ఊళ్లో మంచి పేరు వచ్చింది. "చూడండి, ఆయన ఎట్ల చేస్తున్నడో" అని మగవాళ్లకు నన్ను ఉదాహరణగా చూపేవారు. అది వింటే నాకూ బాగానే ఉండేది, దాచటం ఎందుకు.

మొదట ఒక ఫిజియోథెరపిస్టు ఇరవై రోజులు వచ్చాడు. కరెంటు పెట్టేవాడు, చెయ్యి పైకీ కిందికీ ఆడించేవాడు, లెక్క ప్రకారం పదిసార్లు. తన పని తాను శ్రద్ధగానే చేశాడు. ఆయన వెళ్లగానే ఆ చెయ్యి మళ్లీ ఒళ్లోకి చేరేది. వేరే చోట ఉద్యోగం వచ్చి ఆయన వెళ్లిపోయాడు. మే నెలలో ఒక అమ్మాయి వచ్చింది. జహీరాబాదు వైపు పిల్లే, మన భాషే.

మొదటి రోజు సంచిలోంచి మిషను ఏమీ తీయలేదు. కుర్చీ మా శ్రీమతి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "అమ్మా, ఇదివరకు పొద్దున లేస్తే మొట్టమొదలు ఏం పని చేసేవాళ్లు?" అని అడిగింది. నేను జవాబు చెప్పబోయాను. "సార్, అమ్మను చెప్పనీయండి" అంది. మా శ్రీమతి చాలాసేపటికి, "జొన్నరొట్టె చేసేదాన్ని బిడ్డా. ఇప్పుడు నాతోని ఏమైతది" అంది. నాలుగు నెలల్లో ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటం నేను వినలేదు. ఆ పిల్ల పిండి ఎంత, ఉడుకు నీళ్లు ఎప్పుడు పోస్తారు, పీట మీద తట్టేటప్పుడు ఏ చెయ్యి తిప్పుతుంది, ఏ చెయ్యి తడుతుంది, పెంక మీద వేసినాక నీళ్లు ఎట్ల రాస్తారు అని అన్నీ అడిగింది. తను జొన్నరొట్టె ఎరుగనట్టే అడిగింది. మన ప్రాంతం పిల్లకు తెలియకపోతుందా! "సరే అమ్మా, రొట్టె దాకా పోదాం" అని లేచింది.

రెండోసారి వచ్చినప్పుడూ మాటలే. పాత క్యాలెండరు వెనకవైపు తల బొమ్మ గీసి, మెదడులో దెబ్బ ఎక్కడ తగిలిందో, చేతికి వచ్చే కబురు ఎక్కడ ఆగిందో చూపించింది. చెయ్యి చెడిపోలేదనీ, దారి చెడిపోయిందనీ, పక్కదారి పడాలంటే ఆ దారిన రోజూ రాకపోకలు ఉండాలనీ చెప్పింది. నేను లోపల లెక్క వేసుకుంటున్నాను. రెండు రోజులకు ఆరు వందల రూపాయలు. నూనె లేదు, కరెంటు లేదు, మాలిష్ లేదు. చెప్పులు వేసుకుంటుంటే వాకిట్లోనే అడిగేశాను. "అమ్మా, మాటలకేం, మేమూ మాట్లాడుకుంటాం. ఎక్సర్‌సైజులు ఎప్పుడు మొదలుపెడతావు?"

ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. "సార్, అమ్మ చెయ్యి ఎందుకు కదపటం లేదో మీకు తెలుసా?" అంది. రావటం లేదు కాబట్టి అన్నాను. "కాదు సార్. చెయ్యి కదిపితే తలలో నరం మళ్లీ పగులుతదని భయపడుతున్నది. మొదట్లో ఎవరో చుట్టమామె చెప్పిందట."

నాకు నోట మాట రాలేదు. ఒకే కప్పు కింద, ఒకే గదిలో నాలుగు నెలలు. ముద్దలు కలిపి పెట్టాను, కానీ ఏం భయపడుతున్నావని ఒక్కసారి అడగలేదు. ఇరవై రోజులు కరెంటు పెట్టించుకున్నప్పుడు కూడా ఆవిడ పళ్లు బిగబట్టి, ఇవాళే పోతానేమో అనుకుంటూ కూర్చున్నదన్నమాట.

ఆ భయాన్ని ఆ అమ్మాయి "అట్లాంటిదేం లేదమ్మా" అని కొట్టిపారేయలేదు. బి.పి. చూసింది, మందులు చూసింది, హైదరాబాదు డాక్టరు ఇచ్చిన కాగితాలు చదివింది. వ్యాయామానికి డాక్టరు అభ్యంతరం లేదని రాసిన పంక్తి మా శ్రీమతికే చదివి వినిపించింది. రెండోసారి రాకుండా కాపాడేవి బి.పి. మాత్రలూ, ఉప్పు తగ్గించటమూ తప్ప చెయ్యి కదపకుండా ఉండటం కాదని చెప్పింది. తర్వాత ఒక్కసారి, ఒకే ఒక్కసారి, వేళ్లు విప్పించింది. మళ్లీ బి.పి. చూసి ఆ అంకె ఆవిడకే చూపించింది. "చూడమ్మా, ఏం కాలేదు." మరుసటి రోజు రెండుసార్లు. ఇంకో రోజు ఐదుసార్లు. భయపడే పనిని మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టు దగ్గర ఏమీ కాలేదని రోగికే తెలిసేటట్టు చేయటం. ఇది మానసిక వైద్యులు వాడే పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది.

ఇంకొక సంగతి కూడా ఆ పిల్లే కనిపెట్టింది. రాత్రులు నిద్ర పడుతోందా, తిండి రుచిస్తోందా, మనుమలు వస్తే సంతోషంగా ఉందా అని అడిగి, "సార్, అమ్మకు దిగులు జబ్బుగా మారింది. ఇది నా చేతిలో పని కాదు, డాక్టరుకు చూపించండి" అంది. నేను ఉలిక్కిపడ్డాను. మన వైపు మనసు డాక్టరు అంటే ఎర్రగడ్డ పేరే కదా గుర్తొచ్చేది. మా బావమరిది అయితే "మా అక్కకు పిచ్చా?" అని తగువుకొచ్చాడు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు ముగ్గురిలో ఒకరికి ఈ దిగులు జబ్బు వస్తుందని లెక్కలున్నాయి. అది ఉన్నంతకాలం వ్యాయామం ఒంటికి పట్టటం కష్టం. మందు వాడాం. ఆరు వారాలకు ముఖంలో కళ వచ్చింది. 2022 అక్టోబరు నుంచి ఇలాంటి వాటికి టెలీ మానస్ అని 14416 నంబరు కూడా ప్రభుత్వం పెట్టింది. తెలుగులో కూడా మాట్లాడతారు. రాసుకోండి.

ఇక రిజిస్టరు సంగతి.

జూన్ మొదటి వారంలో ఆ అమ్మాయి నాతో, "సార్, మీరు ఆఫీసులో రిజిస్టర్లు రాసినారట కదా, నాకొకటి రాసి పెడతారా?" అంది. ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. రెండు గడులు చాలంది. ఒకవైపు అమ్మ తనంతట తాను చేసుకున్న పనులు, రెండోవైపు అమ్మ కోసం మీరు చేసిన పనులు. వారం రోజులు రాయాలి, ఏమీ మార్చకూడదు. నేను ఎర్ర సిరాతో గీతలు గీసి, తేదీలు వేసి, వరస నంబర్లతో రాశాను. మొదటి రోజు రాత్రి కూడిక వేస్తే ఒకవైపు నాలుగు, రెండోవైపు ముప్పై ఏడు.

ఆ ముప్పై ఏడింటిలో ఏమున్నాయో చదువుకుంటూ పోయాను. దిండు సర్దటం, కొంగు సవరించటం, పేపరు తిప్పటం, టి.వి. బటన్ నొక్కటం. ఎడమ చేత్తోనైనా ఆవిడ చేసుకోగలిగినవి. కుడి చేతితో ప్రయత్నించదగినవి కనీసం పది. సర్వీసంతా ఆడిట్ పార్టీలను చూశాను గానీ, ఏ ఆడిట్ పార్టీ ముందూ నేను అంతగా తల దించుకోలేదు. నేను చేస్తున్నదాన్ని ఊరు సేవ అంది, నేనూ అదే అనుకున్నాను. ఆవిడ చేతిలో మిగిలిన కాస్త పనినీ నేనే లాక్కుంటున్నాను.

ఆ అమ్మాయి నన్ను తప్పు పట్టలేదు. ఇందులో ఒక శాస్త్రం ఉందని చెప్పింది. తర్వాత మా మనుమడు కంప్యూటరులో వెతికి చదివి వినిపించాడు. అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ అని ఒకాయన. వైద్యుడు కాదు, మనస్తత్వ శాస్త్రవేత్త. కోతికి ఒక చేతి స్పర్శ నరాలు తెంపేస్తే అది ఆ చేతిని వాడటం మానేస్తుంది. మొదట్లో ప్రయత్నించి విఫలమవుతుంది, రెండో చేత్తో పని జరిగిపోతుంది, కాబట్టి ఇక ఆ చేతి జోలికి పోదు. కొంతకాలానికి ఆ చెయ్యి పనికొచ్చే స్థితికి వచ్చినా దానికి ఆ సంగతి తెలియదు. బాగున్న చేతిని కట్టేస్తే మాత్రం మెల్లగా రెండోదాన్ని వాడుతుంది. చేతకాకపోవటం వేరు, చేతకాదని నేర్చుకోవటం వేరు అని ఆయన తేల్చాడు. ఆ కోతులను ఉంచిన తీరు మీద 1981లో అమెరికాలో పెద్ద కేసే నడిచింది. నాకూ ఆ కోతుల మాట వింటే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ మూగజీవాల వల్ల తెలిసిన సంగతి పక్షవాతం రోగులకు పనికొచ్చింది. 2006లో అమెరికాలో 222 మంది పక్షవాతం రోగుల మీద ఒక పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. జబ్బు వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైనవారు. బాగున్న చేతికి తొడుగు వేసి, రెండు వారాల పాటు బలహీనమైన చేత్తోనే పనులు చేయించారు. మామూలు వైద్యం పొందినవారికంటే వీరి చెయ్యి మెరుగుపడింది, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. అయితే వేళ్లు, మణికట్టు కొంతైనా లేచేవారికే ఈ పద్ధతి. పూర్తిగా బిగిసిపోయిన చేతికి కాదు. ఇది విని ఇంటికెళ్లి ఎవరి చేతులూ కట్టేయకండి.

మా ఇంట్లో అంత కఠినంగా చేయలేదు. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఎడమ చేతికి మా మనుమడి పాత ఉన్ని సాక్సు తొడిగేవాళ్లం. కూర్చుని చేసే పనులే. నడిచేటప్పుడు ఆ చెయ్యి ఖాళీగా ఉండాలి, పట్టుకోవటానికి. చాటలో జొన్నలు పోసి ఏరమనేది. వెల్లుల్లి పొట్టు తీయమనేది. బట్టల క్లిప్పులు తీగకు పెట్టమనేది. ఎప్పుడూ "ఎందుకు రాలేదు?" అని అడగలేదు ఆ పిల్ల. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం తేడా కనపడ్డదమ్మా?" అని అడిగేది. ఆ తేడా ఆవిడ నోటితోనే చెప్పించి నాతో రిజిస్టరులో రాయించేది. "జొన్నలు నిన్న ఆరు, ఇయ్యాల తొమ్మిది." ఇంత చిన్న అంకెలు నేను సర్వీసులో ఎన్నడూ రాయలేదు, ఇంత జాగ్రత్తగానూ రాయలేదు.

నాకు పెట్టిన ఎక్సర్‌సైజు వేరు. ఆవిడ ఏదైనా పనిలో తడబడితే నేను లేవకూడదు, నూరు లెక్కపెట్టాలి. నేను జీతం నోట్లు లెక్కపెట్టినట్టు గబగబా లెక్కపెట్టి లేచేవాణ్ణి. అది కూడా ఆ పిల్ల పట్టేసింది.

ఆషాఢంలో ఒకరోజు ఎదురుదెబ్బ తగిలింది. స్టీలు గ్లాసులో చాయ్ తనే అందుకోబోయి ఒలకబోసుకుంది. కాలు మీద పడింది, బొబ్బ లేచింది. అంతే, మూడు రోజులు చెయ్యి మళ్లీ ఒళ్లోకి. పైగా భుజం నొప్పి మొదలైంది. పక్షవాతం వచ్చిన వైపు భుజం నొప్పి రావటం మామూలేనట. భుజానికి ఆసరా ఎలా ఇవ్వాలో, ఎలా లాగకూడదో చూపించిన తర్వాత ఆ పిల్ల నొప్పి గురించి ఒక మాట చెప్పింది. అది చిరాగ్‌పల్లి వాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు, నొప్పి కబురు వెన్నుపాములో ఒక గేటు దాటి మెదడుకు పోవాలని సిద్ధాంతం చేశారు. మన చెక్‌పోస్టు లాంటిదే అనుకోండి. లారీలో సరుకు ఎంత ఉందన్నది ఒక్కటే కాదు, పైనుంచి ఫోనులో ఏం ఆర్డరు వచ్చిందన్నది కూడా లెక్కే. భయం, దిగులు, ఏమవుతుందోనన్న ఆత్రుత గేటును బార్లా తెరిపిస్తాయి. ధైర్యం, నిద్ర, ఇష్టమైన పనిలో ధ్యాస కొంత మూయిస్తాయి. ఆ తర్వాత శాస్త్రం ఇంకా ముందుకు పోయింది గానీ, పైనుంచి ఆర్డరు వస్తుందన్న మాట నిలిచింది. అంటే నొప్పి ఉత్తుత్తిదని కాదు. మా శ్రీమతి ముందుగా అడిగింది అదే: "అయితే నేను నటిస్తున్ననా బిడ్డా?" "లేదమ్మా, నొప్పి నిజమే. దాన్ని పెంచేటివీ నిజమే, తగ్గించేటివీ నిజమే" అంది. నాలుగో రోజు చాయ్ మళ్లీ మొదలుపెట్టించింది. సగం గ్లాసు, చల్లారినది, రెండు చేతులతో.

బతుకమ్మ పండుగ నాటికి రొట్టె దాకా వచ్చాం. నేల మీద కూర్చోలేదు కాబట్టి పీట బల్ల మీద పెట్టాం. నేను పిండి కలపబోతే ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. రొట్టె గుండ్రంగా రాలేదు. పాత మెదక్ జిల్లా మ్యాపులాగ వచ్చింది. ఒక అంచు విరిగింది. పెంక మీద నేనే వేశాను, వేడి దగ్గర ఇప్పటికీ నేనే. ఆవిడ ఆ రొట్టెను చూసి, "మా అత్త ఉంటే దీన్ని బర్రెకు పెట్టేది" అంది. జనవరి తర్వాత మా ఇంట్లో నవ్వు వినపడింది ఆ రోజే.

ఉన్నమాట చెప్పాలి. చెయ్యి పూర్తిగా రాలేదు. జాకెట్టు హుక్కులు ఇప్పటికీ పెట్టుకోలేదు. సంతకం పెడుతుంది గానీ బ్యాంకువారు రెండుసార్లు చూస్తారు. కానీ తన అన్నం తాను తింటుంది, తల తాను దువ్వుకుంటుంది, వారానికి రెండు రోజులు రొట్టెలు తడుతుంది. వైద్యం గొప్పది కావచ్చు, కాలం గడిచి దానంతటదే కొంత నయమై ఉండవచ్చు. ఎంత దేనివల్ల అని నేను తేల్చలేను. ఆ భయం పోకపోతే మాత్రం చెయ్యి ఒళ్లోనే ఉండేదని గట్టిగా చెప్పగలను.

ఇది ఒక్క పక్షవాతం సంగతి కాదు. మనలో సగం మందికి నడుము నొప్పి ఉంది. మన సభ్యులే ఒకాయన, పేరు చెప్పను, ఎం.ఆర్.ఐ. కాగితంలో డిస్కు ఉబ్బింది అన్న మాట చదివి, రెండేళ్లుగా వంగటం మానేశారు. మనుమరాలిని ఎత్తుకోవటం మానేశారు. కింద పడ్డ పెన్ను ఇంకొకరు తీసివ్వాలి. 1994లో అచ్చయిన ఒక అమెరికా పరిశీలనలో నడుము నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవారు నూటికి 36 మందే. సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట ఉబ్బు ఉంది. వాళ్లకు నొప్పే లేదు! అంటే వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కూ మారుతుంది. స్కాట్లండు ఎముకల వైద్యుడు గార్డన్ వాడెల్ 1987లోనే, నడుము నొప్పిని ఒక్క ఎముకల లెక్కలో చూడవద్దు, మనిషి భయం, ఇల్లు, ఉద్యోగం అన్నీ కలిపి చూడమని రాశాడు. ఇంగ్లండులో కీల్ విశ్వవిద్యాలయం వారు 851 మంది నడుము నొప్పి రోగులతో చేసిన పరీక్ష 2011లో అచ్చయింది. తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి నింపించి, రోగులను మూడు వర్గాలు చేశారు. భయం, దిగులు ఎక్కువగా ఉన్నవారిని, ఆ విషయంలో ప్రత్యేక శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టులకు అప్పగించారు. ఈ పద్ధతిలో ఇబ్బందీ తగ్గింది, ఖర్చూ తగ్గింది. మెషీన్లు మార్చలేదు, రోగిని చూసే తీరు మార్చారు.

అయితే ఇంట్లోవాళ్లం అన్నీ విని నేర్చుకున్నాం, ఇక ఫిజియోథెరపిస్టు ఎందుకు అనుకోవద్దు. నాకూ ఆ ఆశ పుట్టింది, మూడు వందలు మిగులుతాయని. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగుల మీద ఈ పరీక్ష జరిగింది. ఫలితాలు 2017లో వచ్చాయి. సగం మంది ఇళ్లవాళ్లకు వ్యాయామాలు చేయించటం నేర్పి పంపారు. మిగతావారికి మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ నూటికి 47 మంది మరణించటమో, ఇతరుల మీద ఆధారపడటమో జరిగింది. తేడా లేదు. ప్రేమ ఉన్నంత మాత్రాన చూపు రాదు. నాలుగు నెలల్లో నేను కనిపెట్టలేనిది ఆ పిల్ల రెండు రోజుల్లో కనిపెట్టింది, అదీ చదువంటే. ఆ పిల్ల చదివినప్పుడు అది నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. అందులో సైకాలజీ ఒక పాఠ్యాంశమని నాకు అప్పటిదాకా తెలియదు. 2021లో ఈ వృత్తులకు కేంద్రం ప్రత్యేక చట్టం కూడా చేసింది. జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధులకు ఫిజియోథెరపీ అందించాలని 2010లో మొదలైన జాతీయ కార్యక్రమంలో ఉంది. సంగారెడ్డి వెళ్లినప్పుడు అడగండి, అడగనిదే ఎవరూ పిలిచి చెప్పరు.

పిల్లలకు ఒక మాట. అమ్మ కర్ర పట్టుకుని లేవబోతుంటే "కూర్చో, పడతావు" అని మీరు గదిమే గదిమింపు ఎంత ప్రేమతో వస్తుందో నాకు తెలుసు. నేనూ గదిమినవాణ్ణే. ఒకసారి పడ్డ ముసలివాళ్లకు మళ్లీ పడతామన్న భయంతో కాళ్లు సన్నబడి, ఆ సన్నబడటం వల్లే పడటం జరుగుతుంది. లేవనివ్వండి. పక్కన నిలబడండి. అవసరమైతే నూరు లెక్కపెట్టండి, నాలాగా కాకుండా నెమ్మదిగా.

ఇంటికి ఫిజియోథెరపిస్టు వచ్చి మొదటి రోజు ప్రశ్నలే అడిగి వెళితే, నాలాగా వాకిట్లో నిలదీయకండి. ఆ ప్రశ్నలకు జవాబు రోగినే చెప్పనివ్వండి. మనకు, ముఖ్యంగా మగవాళ్లకు, అది కష్టం. ముప్పై ఏళ్లు ఇంటి తరఫున మనమే అన్ని దరఖాస్తులూ నింపాం కదా!

ఆ రిజిస్టరు ఇవాళ తెచ్చాను. బల్ల మీద ఉంది, చూడదలచినవారు చూడవచ్చు. గీతలు గీసుకోవటానికి ఖాళీ నోటుపుస్తకాలు పది సంఘం ఖర్చుతో కొని పెట్టమని కార్యదర్శిగారిని అడిగాను, సరేనన్నారు. కావలసినవారు పేరు రాయించుకుని తీసుకోండి. ఆ అమ్మాయి కూడా మన కోరిక మీద వచ్చింది, కిటికీ పక్కన కూర్చుంది. నడుము నొప్పి సభ్యుడిగారు మొదట లేవాలని నా మనవి. ప్రశ్నలకు ఆమె జవాబు చెబుతుంది, నేను కూర్చుంటాను.